కొత్త తూటా కొననా, బావా?

అమెరికాలో వేట పత్రికలు తిరగేసినప్పుడల్లా నాకు మన పిట్టలదొర గుర్తొస్తాడు. చిన్నప్పుడు మీరూ చూసే ఉంటారు. ఖాకీ లాగు, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకీ, నోరు తెరిస్తే కోతలు. ఇక్కడ ఏటా జనవరిలో లాస్ వేగాస్‌లో తుపాకుల వ్యాపారులకి ఓ పెద్ద తిరనాళ్ళు జరుగుతుంది. అది అయిన నెలకల్లా పత్రికల నిండా కొత్త తూటాలే. ఇదొచ్చాక పాతవన్నీ పాత సామానుకి వేసుకోవడమే అన్నట్టు రాస్తారు. మరి నిరుడు వచ్చిన తూటా సంగతేమిటయ్యా అని మాత్రం అడక్కూడదు.

ఇప్పుడీ గొడవ నాకెందుకొచ్చిందంటే, మా బావమరిది ఫోన్ చేశాడు. వాడు ఐడహోలో ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చాక వేట తరగతికి వెళ్ళి, లైసెన్సు తీసుకుని, మూడేళ్ళ క్రితం ఎవరో వాడిన సెవెన్ ఎం ఎం రెమింగ్టన్ మాగ్నమ్ రైఫిల్ కొన్నాడు. ఈసారి అక్టోబరులో ఎల్క్ వేటకి వెళ్తాడట. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్న అనుకోండి, మగది మూడు వందల కిలోలు దాటుతుంది. "బావా, పాతది అమ్మేసి సెవెన్ పీఆర్‌సీ కొననా? అందరూ అదే అంటున్నారు" అన్నాడు. తుపాకీ, దాని మీద టెలిస్కోపు, తూటాలు, అన్నీ కలిపి రెండు వేల డాలర్లు లెక్కేశాడు. వెనకనుంచి వాళ్ళావిడ "అన్నయ్యగారూ, మీరు ఊఁ అనకండి" అని కేక.

(ఇంటి దగ్గర చదివేవాళ్ళకి ఓ మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయింది. ఇక్కడ మాత్రం ఏ జంతువుని, ఏ రోజుల్లో, ఎన్ని కొట్టొచ్చో ప్రతి రాష్ట్రం లెక్కకట్టి చీటీలు ఇస్తుంది. ఇక వీసా మీద ఉన్న కుర్రాళ్ళకి ఇంకో మాట. హెచ్ వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉంటే లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితుడి తుపాకీయే కదా అని చేత్తో పట్టుకునే ముందు ఆ సంగతి తెలుసుకోండి.)

సరే, విషయానికొద్దాం. తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే చిన్న మూత, లోపల మందు, మూతి దగ్గర గుండు. ఈ సెవెన్ ఎం ఎం గుండు వ్యాసం 0.284 అంగుళాలు. ఈ కొలత 1892లో జర్మనీలో మౌజర్ వాళ్ళు చేసిన తూటాతో స్థిరపడింది. అందులో గుండు బరువు దాదాపు 173 గ్రెయిన్లు, అంటే పదకొండు గ్రాముల చిల్లర. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి బహుమతిగా ఇచ్చిన రిగ్బీ రైఫిల్ కూడా ఈ తూటాదే. ఇంగ్లండు వాళ్ళు దాన్ని పాయింట్ 275 అని పిలుచుకున్నారు, అంతే తేడా.

తర్వాత 1962లో రెమింగ్టన్ కంపెనీ అదే వ్యాసం గుండుకి పెద్ద గొట్టం తగిలించి, ఎక్కువ మందు కూరి, సెవెన్ ఎం ఎం రెమింగ్టన్ మాగ్నమ్ అంది. అరవై ఏళ్ళకి, 2022లో, హార్నడీ కంపెనీ సెవెన్ పీఆర్‌సీ తెచ్చింది. ఇందులో వేటకి అమ్మే ముఖ్యమైన గుండు బరువు ఎంతో తెలుసా? 175 గ్రెయిన్లు! నూట ముప్పై ఏళ్ళు తిరిగి మౌజర్ దొర బరువు దగ్గరికే వచ్చామన్నమాట.

అయితే ఇదంతా పాత సారా కొత్త సీసానా? అదీ కాదు. బరువు అదే అయినా గుండు ఆకారం మారింది. పాతది మొద్దు మూతిది. కొత్తది సూది మొనతో, వెనకవైపు సన్నబడుతూ, పొడుగ్గా ఉంటుంది. గాలిని బాగా చీల్చుకుపోతుంది కాబట్టి దూరం వెళ్ళేకొద్దీ వేగం తక్కువ పోగొట్టుకుంటుంది, పక్కగాలికి తక్కువ జరుగుతుంది. కానీ పొడుగు గుండుతో ఓ చిక్కుంది. బొంగరం ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు, సన్నగా పొడుగ్గా ఉన్న బొంగరం నిలబడాలంటే ఇంకా గట్టిగా తిప్పాలి. గుండుని తిప్పేది బారెల్ లోపల మెలి తిరిగిన గాడులు. పాత మాగ్నమ్ బారెళ్ళలో మామూలుగా తొమ్మిదిన్నర అంగుళాలకి ఒక చుట్టు. కొత్త పీఆర్‌సీలో ఎనిమిది అంగుళాలకే ఒక చుట్టు. పాత మెలికలో ఈ పొడుగు గుండ్లకి నిలకడ చాలీ చాలకుండా ఉంటుంది. పైగా పాత తూటా మొత్తం పొడవుకి 3.29 అంగుళాల హద్దుంది. పొడుగు గుండు పెట్టాలంటే దాన్ని గొట్టంలోకి లోపలికంటా దిగ్గొట్టాలి, అక్కడ మందుకి చోటు తగ్గిపోతుంది. కొత్త తూటా పొడవు 3.34. ముందు గుండు ఎంచుకుని, దానికి సరిపడా గొట్టం, గది, మెలిక అన్నీ కొలిచి పెట్టారు.

మరి పాత బారెల్‌కే మెలిక బిగిస్తే సరిపోదా అంటారా? సరిపోతుంది, సొంతంగా బారెల్ చేయించుకునేవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నారు. కంపెనీలే ఆ పని చెయ్యలేవు. ఇక్కడే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి కథ బాగా అర్థమయ్యేది. అమెరికాలో తూటాల కొలతలన్నీ సామీ అనే సంస్థ ఖరారు చేస్తుంది (మన ఏడుకొండల సామీ కాదు, 1926లో పెట్టిన ఓ పరిశ్రమ సంఘం). ఒకసారి కొలత ఖరారయ్యాక, ఆ పేరుతో అంగట్లో అమ్మే ప్రతి తూటా ఆ పేరున్న ప్రతి తుపాకీలోనూ పనిచెయ్యాలి. 1962లో తాత కొన్న తుపాకీలోనూ. ఇరవై ఏళ్ళ కింద ఎవరో రాసిపెట్టిన ఇంటర్‌ఫేస్‌లో ఒక్క ఫీల్డు పొడవు పెంచుదామంటే, దాని మీద ఆధారపడ్డ నలభై ప్రోగ్రాములు కూలతాయని క్లయింటు ఒప్పుకోడు చూశారూ, అచ్చం అదే. పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన కొత్త పేరుతో కొత్త ఇంటర్‌ఫేస్ పెట్టడం తప్ప దారి లేదు. కొత్త తూటాలో అసలు మెరుగు ఈ కొలతల పత్రంలోనే ఉందని నా అభిప్రాయం. పెట్టె మీద పెద్దక్షరాలతో వేసే వేగంలో కాదు.

ఇంకో చిన్న మెరుగు కూడా ఉంది. పాత మాగ్నమ్ గొట్టానికి అడుగున ఓ వడ్డాణం ఉంటుంది. 1912 నాటి హాలండ్ అండ్ హాలండ్ తూటానుంచి వారసత్వంగా వచ్చింది. వాలు భుజాలున్న ఆ తూటా గదిలో సరైన చోట ఆగడానికి ఆ వడ్డాణం పనికొచ్చింది. నిటారు భుజాలున్న తూటాకి దానితో పనిలేదు, నగలాగా ఉండిపోయింది. పీఆర్‌సీకి వడ్డాణం లేదు, భుజం మీదే కూర్చుంటుంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. హార్నడీ వాళ్ళ వేట తూటాలే రెండు పక్కపక్కన పెడితే, పాత మాగ్నమ్‌లో 162 గ్రెయిన్ల గుండు సెకనుకి 2940 అడుగులు, పీఆర్‌సీలో 175 గ్రెయిన్లది 3000 అడుగులు. బరువూ ఎక్కువే, వేగమూ ఎక్కువే. ఎలాగంటే లోపలి ఒత్తిడికి పాతదాని హద్దు చదరపు అంగుళానికి 61,000 పౌండ్లు, కొత్తదానికి 65,000. ఊరికే ఏదీ రాదు కదా.

రెండు తుపాకుల్నీ 200 గజాలకి సరిచేసి పెట్టామనుకోండి. 300 గజాల దగ్గర రెండు గుండ్లూ ఆరేడు అంగుళాలు కిందకి దిగుతాయి. వాటి మధ్య తేడా అంగుళం కూడా ఉండదు. 500 గజాల దగ్గర తేడా సుమారు మూడంగుళాలు. గంటకి పది మైళ్ళ పక్కగాలి వీస్తే 500 గజాల దగ్గర రెండూ అడుగు అటూ ఇటూగా జరుగుతాయి, మధ్యలో తేడా ఓ రెండంగుళాలు. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడుగు పైనే వెడల్పు. అంటే లాభం ఉంది, కానీ అది అక్కరకొచ్చేది దూరంలో.

ఆ దూరంలో ఇంకో రెండు సంగతులున్నాయి. పది మైళ్ళ గాలిని ఐదు అనుకున్నామంటే కొత్త తూటాతో అయినా ఆరంగుళాల తప్పు వస్తుంది. తూటా మిగిల్చిన రెండంగుళాలు దానికి ఏ మూలకి? రెండోది, 500 గజాలు పోవడానికి గుండుకి అర సెకను పైనే పడుతుంది. మీట నొక్కాక ఆ అర సెకనులో జంతువు ఓ అడుగు ముందుకేస్తే, గుండెకి గురిపెట్టిన గుండు పొట్టలో పడుతుంది. దీనికి ఏ కంపెనీ దగ్గరా మందు లేదు.

నేనుండే విస్కాన్సిన్‌లో థాంక్స్ గివింగ్ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు జింకల వేట. కొన్నేళ్ళ క్రితం మా గుంపులో ఒకాయన, తుపాకుల సంగతి మా అందరికంటే బాగా తెలిసినవాడు, కోసేసిన మొక్కజొన్న చేనుకి అడ్డంగా మూడు వందల గజాల పైన ఉన్న జింకని కొట్టాడు. చేతిలో ఉన్నది ఖరీదైన మాగ్నమే. జింక పడలేదు, వంగి అడవిలోకి పోయింది. పొట్టలో తగిలిందని నెత్తురు రంగు చూస్తేనే తెలిసింది. రాత్రి పదింటిదాకా టార్చిలైట్లు పట్టుకుని ఆకుల మీద చుక్కలు వెతికాం. తెల్లారి దొరికింది. అప్పటికి కొయోటీలు సగం తినేశాయి. ఆయన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అదెంతసేపు బాధపడి చచ్చిందో అన్న లెక్క మా అందరి మనసుల్లోనూ నడుస్తూనే ఉంది. నాకు వేట విషయంలో భయం ఒక్కటే, అది. వట్టి చేతులతో ఇంటికి రావడం గురించి బెంగ లేదు.

అందుకని మా వాడికి ముందు చెప్పింది తన్ను గురించి. ఈ మాగ్నమ్‌లు రెండూ భుజం మీద గట్టిగానే తంతాయి, అదే బరువు తుపాకీలో పీఆర్‌సీ ఇంకాస్త ఎక్కువ. తన్నుకి జడిసినవాడు మీట నొక్కే క్షణంలో తెలీకుండానే ఉలిక్కిపడి కళ్ళు మూస్తాడు. అక్కడ పోయే అంగుళాలు మౌజర్ నుంచి హార్నడీ దాకా సంపాదించిన అంగుళాలన్నిటికంటే ఎక్కువ. రెండోది, కొత్త తూటాలన్నీ బతకవు. 2003లో వచ్చిన విన్చెస్టర్ సూపర్ షార్ట్ మాగ్నమ్‌లు ఇప్పుడు దాదాపు కనిపించవు. పీఆర్‌సీ బతికేలాగే ఉంది, చాలా కంపెనీలు తుపాకులు చేస్తున్నాయి. కానీ పాత మాగ్నమ్ తూటాలు అరవై ఏళ్ళుగా పల్లెటూరి కొట్లో కూడా దొరుకుతూ వస్తున్నాయి.

మొత్తం మీద నా తీర్పు ఇది. మొదటిసారి కొనేవాడు, తన్ను తట్టుకోగలవాడు, దూరం కొట్టడం నిజంగా సాధన చేసేవాడు పీఆర్‌సీ కొనుక్కోవచ్చు. అన్నీ కొత్తగా రాసుకునే అవకాశం ఉన్నప్పుడు పాత కొలతలకి కట్టుబడక్కర్లేదు. పనిచేసే మాగ్నమ్ ఇంట్లో పెట్టుకుని, 300 గజాల లోపు కొట్టేవాడికి మాత్రం కొత్తది పత్రికలో చదువుకోవడానికే బాగుంటుంది.

"అంటే నేను ఏ రకం, బావా?" అన్నాడు. అది నేను చెప్పేది కాదు, పేపర్ ప్లేటు చెప్పాలి అన్నాను. తొమ్మిదంగుళాల ప్లేటు కట్టి, బల్ల మీద ఆనించకుండా, కొండ మీద కూర్చున్నట్టే నేల మీద కూర్చుని ఐదు కొట్టు. ఐదుకి ఐదూ ప్లేటులో పడే దూరమే నీ దూరం, అంతకు మించి ఒక్క గజం కూడా కాదు. ఎల్క్‌కి ఇంకాస్త చోటున్నా, ఆ మిగులు రొప్పుతున్న ఊపిరికీ, కొట్టుకునే నీ గుండెకీ పోతుంది.

రెండు శనివారాలు పోయాక ఫోన్. వంద గజాల దగ్గర ఐదు. రెండు వందల దగ్గర మొదటిరోజు మూడు, తర్వాతి వారం ఐదు. మూడు వందల దగ్గర రెండంటే రెండే. కాసేపు ఊరుకుని, "రెండు వేలు పెట్టి కొన్నా ఆ మూడు బయటికే పోయేవి కదా బావా" అన్నాడు.

ఆ డబ్బులో కొంత పెట్టి పాత మాగ్నమ్‌కే పది పెట్టెల తూటాలు తెచ్చుకున్నాడు. మిగతాది చెల్లెమ్మ జాగ్రత్త చేసింది. వాడి దూరం ప్రస్తుతానికి 200 గజాలు. అక్టోబరుకి ఇంకో యాభై కలుస్తాయేమో చూడాలి. కలవకపోతే రెండు వందల ఒకటో గజం దగ్గర నిలబడ్డ ఎల్క్‌ని చూసి దణ్ణం పెట్టి వస్తానని మాటిచ్చాడు. దొరికితే సగం కీమా ఇటు పంపమన్నాను, పెరట్లో గోంగూర ఇంకా ఉంది :)