కోట్‌పల్లి గాలి గడప దాకానేనా?

అనంతగిరి అడవి దాటి వెళితే కోట్‌పల్లి జలాశయం. 1967 నాటి ప్రాజెక్టు. ఈ కొండగాలిని నమ్మే నిజాం కాలంలో అనంతగిరిలో క్షయ రోగులకు ఆసుపత్రి పెట్టారు. అంత మంచి గాలి ఉన్న ఊళ్లోనైనా, ఇంటాయన బీడీ ముట్టిస్తే గడప లోపల పొగే. పక్కనున్న గర్భిణికీ అది తప్పదు.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకు అందే ప్రాణవాయువును తగ్గిస్తుంది. తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ముప్పు పెరుగుతుంది. తనకే చుట్టో బీడీయో అలవాటుంటే? ఏ నెలలో మానినా మేలే. తిడితే మాత్రం మానదు, చాటుగా తాగుతుంది! ఆశా కార్యకర్త నచ్చజెప్పాల్సింది ఆమెకే కాదు, ఆయనకూ. మానాలనుకునేవారికి 2016లో కేంద్రం ఉచిత ఫోన్ సాయం తెచ్చింది. నంబరు 1800-11-2356.