మారిషస్ దీవిలో మార్పిడి వారము

మా మామగారు తపాలా కచేరీలో ఉద్యోగము విరమించిన సంవత్సరమున, విశాఖపట్టణములోని యొక పెద్ద హోటలులో ఉచిత భోజనమునకు రమ్మని వారికి పిలుపు వచ్చెను. భోజనమైన పిదప మూడుగంటలసేపు బొమ్మలు చూపి, తీయని మాటలాడి, ఒక సంస్థవారు వారిచేత సంతకము చేయించుకొనిరి. కొడైకెనాలు కొండమీది యొక విడిదిలో ఏటేటా మేనెలలో నొక వారము, ముప్పదిమూడేండ్లవరకు మనదే యని వారు సంతోషముతో నింటికి వచ్చి చెప్పిరి. అత్తగారు విని, "గాలిని కొన్నారు" అని యొక్కమాట యనిరి. అది మాయింట సామెత యయ్యెను.

మామగారు రెండుసార్లు మాత్రమే ఆ కొండ కెక్కగలిగిరి. వారు గతించిన పిమ్మట కాగితములు బీరువా యడుగున నుండిపోయెను. వారమును వాడుకొనకున్నను నిర్వహణ రుసుము మాత్రము ఏటేటా కట్టవలసియే యుండెను. ఆ గాలినే యిచ్చి గత వేసవిలో మేము నలుగురము మారిషస్ దీవికి పోయివచ్చితిమి. మనలో ననేకుల యిండ్లలో నిట్టి కాగితములు మూలపడి యుండవచ్చును గనుక, పోయిన విధమును, చేసిన పొరపాటులను గూడ దాచక వ్రాయుచున్నాను.

ఒక విడిదిగదిని పలువురు పంచుకొని తలకొక వారము చొప్పున అనుభవించుటనే టైమ్‌షేరు అందురు. ఇది 1960ల దశకమున ఐరోపాలో పొటమరించి అమెరికాలో విస్తరించినది. ప్రతి సంవత్సరము ఒకే చోటికి పోవుట కెవరికైనను విసుగు పుట్టును గదా! అందుచే మార్పిడి సంస్థ లేర్పడినవి. 1974లో ఆర్.సి.ఐ. యనునదియు, 1976లో ఇంటర్వల్ ఇంటర్నేషనల్ అనునదియు అమెరికాలో నెలకొన్నవి. మన వారమును వారివద్ద జమకట్టి, వేరొకరు జమకట్టిన వారమును మనము తీసికొనవచ్చును. మన పల్లెలలో వడ్లు కొలిచి యిచ్చి ఉప్పు తెచ్చుకొనుటవంటిదే యిదియును. అయితే వడ్లకు మానిక యున్నట్లు వారమునకును కొలత యున్నది. ఆ చోటునకు గిరాకి యెంత, ఏ ఋతువు, గది యెంత పెద్దది, ఎంత ముందుగా జమకట్టితిమి - ఈ నాలుగిటినిబట్టి దాని విలువను గట్టుదురు.

ఈ నాలుగవదాని నెరుగకయే మేము మొదటి యేడు నష్టపోయితిమి. మామగారి పేరనున్న హక్కును అత్తగారి పేరునకు మార్పించుటకే మరణపత్రము, వారసత్వపత్రము మొదలగువానితో ఎనిమిది నెలలు గడచినవి. తీరా జమకట్టునప్పటికి వారము మూడునెలల దూరములో నుండెను. విలువ సగమునకు పడిపోయెను. అదిగాక, పటములో ముచ్చటగా కనబడిన యొక్క విడిదినే, అదియు డిసెంబరులోనే కావలయునని కోరితిమి. ఏమియు దొరకలేదు. మరుసటి యేడు నాభర్త లెక్కల పంతులు గనుక తీరికగా కూర్చుండి యాలోచించిరి. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది. నవంబరు మొదలు ఏప్రిలు వరకు అచ్చట ఎండలు, వానలు, తుపానులు, మేనెలనుండి చల్లదనము. డిసెంబరులో చలికి జడిసి ఐరోపావారందరు అచ్చటికే పరుగెత్తుదురు; మేనెలలో అంత ఒత్తిడి యుండదు. మన కొడైకెనాలులోనన్ననో, బడులు మూయు మేనెలకే గిరాకి మెండు. గిరాకిగల మన మే వారమునిచ్చి గిరాకి తక్కువైన వారి మే వారమును అడిగినచో కాదనువారెవరు? బడిసెలవులును కలిసివచ్చును. ఈమారు పండ్రెండు నెలల ముందుగా జమకట్టి, దీవిలో ఏ మూలనైనను సరే, మేనెలలో ఏ వారమైనను సరే యని వ్రాసితిమి. ఏడు వారములలో పత్రము చేతికి వచ్చెను.

ఆ పత్రము వచ్చువరకు విమానపు టికెట్టులు కొనకుడు. విడిది దొరకనిచో ఆ డబ్బు సముద్రములో పోసినట్లే. మార్పిడి యనగా ఉచితమనుకొనుటయు పొరపాటు. నిర్వహణ రుసుము వేరు, మార్పిడి రుసుము వేరు. మా నలుగురి విమాన ప్రయాణమునకు మూడేండ్లు కట్టిన చీటీ పూర్తిగా చెల్లిపోయెను. ఇట్టి దీవులలో కొన్ని విడుదులు భోజనపు రుసుమును తలకింతయని నిర్బంధముగా వసూలు చేయును. గది మార్పిడిలో వచ్చినను, భోజనమే గది వెలను మించును. కావున ఆ సంగతి ముందుగా నడిగి, వంటగది గల విడిదినే కోరుకొనవలయును. మరియొక మాట. మీ వారమును మంచి ధరకు అమ్మిపెట్టెదము, ముందుగా కొంత సొమ్ము పంపుడని ఫోనులో పిలుచువారు తరచు వంచకులు. మాకు రెండుసార్లు అట్టి పిలుపులు వచ్చినవి.

అత్తగారిని మాతో తీసికొనిపోవుటలో మా ప్రేమయొక్కటే కారణమని చెప్పినచో అసత్యమగును. హక్కు ఆమె పేరనున్నది. ఆమె రానిచో అతిథిపత్రము కొరకు వేరుగ రుసుము కట్టవలసి యుండెను. ఆమెయు ఆ సంగతి గ్రహించియే, "నేను లేకపోతే గాలి కూడా ఖరీదేనన్నమాట" అని నవ్విరి. అయినను అక్షయతృతీయనాడు సింహాచలమున అప్పన్నస్వామి నిజరూపదర్శనము చేసికొనిగాని కదలనని పట్టుబట్టిరి. దర్శనము చేసికొని, స్వామిపై నొలిచిన చందనమును చిన్న పొట్లముగా గట్టి తమ సంచిలో పెట్టుకొనిరి.

ముంబయినుండి విమానమున ఆరుగంటలకు పైగా సముద్రమే. మారిషస్‌లో దిగిన పిమ్మట, తిరుగు టికెట్టును విడిదిపత్రమును చూపగా లోనికి విడిచిరి గాని, సుంకపు అధికారిణి మా పెట్టె తెరపించెను. పచ్చి యాకులు, పండ్లు, విత్తనములు అనుమతి లేక ఆ దీవికి తీసికొనిపోరాదు. ఈ నియమమును చదివియు మరచి, నేను కరివేపాకు మూట పెట్టుకొంటిని. దానిని తీసివేసిరి. చందనపు పొట్లమును విప్పి, వాసన చూచి, మరల మడిచి అత్తగారి చేతికే యిచ్చెను. నా సిగ్గు చెప్పనలవి గాదు.

ఆ దీవి పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. అంతయు చెరకుతోటలే. నల్లని అగ్నిపర్వతశిలలను ఏరి తోటల నడుమ కుప్పలుగా పేర్చియుండిరి. అవి దూరమునకు గోపురములవలె కనబడును. మా విడిది పశ్చిమతీరమున. ఒడ్డున సరుగుడుచెట్లు, మన భీమునిపట్టణపు తీరమే యని భ్రమ కలిగినది. కాని అచ్చటి నీరు వేరు. తీరమునకు దూరముగా పగడపుదిబ్బ అడ్డుగోడవలె నుండుటచే అలలన్నియు అచ్చటనే విరిగిపోవును. ఇవతల నీరు చెరువువలె నిలకడగా, అడుగున ఇసుక కనబడునంత తేటగా నుండును. మా అమ్మాయి మోకాలిలోతున గంటలకొలది నిలిచి చేపలను లెక్కించినది. తూర్పుతీరమున పుట్టిన మాకు సూర్యుడు కడలినుండి లేచుటయే తెలియును. అతడు నీటిలో మునుగుటను ఆరుగంటలు కాకమునుపే చూచి, అత్తగారు సంధ్యాదీపమునకు వేళ మించెనేమో యని తొందరపడిరి. మధ్యాహ్నమున నీడలు దక్షిణమునకు పడుచుండెను. ఉత్తరమున నడచు సూర్యుని చూచి, దిక్కులు మరల లెక్కించుకొని, ఆమె పూజకు కూర్చుండిరి.

శుక్రవారమున దిగితిమి; శనివారమున రాజధానియగు పోర్ట్ లూయీకి పోయితిమి. అంగడిలో నా దృష్టి మొదట కరివేపాకుపైననే పడెను! వారి క్రియోలు భాషలో దానిని కారిపులే యందురు. మునగాకును కట్టలు కట్టలుగా అమ్ముచుండిరి. దానిపేరు బ్రెద్ మురుం. పప్పు నూరి మిరపకాయవేసి వేచిన గాతో పిమాఁ యనునవి మన శనగపప్పు వడలకు చిన్నచెల్లెండ్రు. నాణెము పేరును రూపాయియే, కాని విలువలో మన రూపాయికి మించినది. బేరమాడునప్పుడు ఈ సంగతి మరువరాదు.

అంగడికి సమీపముననే ఆప్రవాసీ ఘాట్. 1835లో అచ్చట బానిసత్వము రద్దుకానుండగా, చెరకుతోటల యజమానులు మన దేశమునుండి ఒడంబడికపై కూలీలను రప్పించుకొనిరి. మొదటివారు 1834 నవంబరు 2న వచ్చిరి. అటుపై 1920 వరకు నాలుగున్నర లక్షలకు పైగా జనులు ఆ దీవిలో అడుగిడిరి. 2006లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. మిగిలినవి కొన్ని రాతిగోడలు, నల్లరాతి మెట్లు. మన కాకినాడకు సమీపమునగల కోరంగి రేవునుండి ఓడలెక్కి వచ్చినవారగుటచే ఆ దీవిలో తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. 1839లో పెనుతుపాను కోరంగిని ముంచివేసెను. పేరు మాత్రము సముద్రమున కావల నిలిచియుండెను. అచ్చట ఉగాది సర్కారు సెలవుదినమనియు, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలో జరిగెననియు నాభర్త అమ్మాయికి చెప్పుచుండిరి. అత్తగారు మెట్లవద్దనే నిలిచి, "తిరిగి ఎంతమంది వచ్చారో" అనిరి. మాకెవరికిని బదులు తోచలేదు.

మా కారు నడుపు యువకుడు తానును తెలుగువాడనని, నాయనమ్మ గారి యింట ఆ రాత్రి రామభజనము గలదని, రండని పిలిచెను. అతనికి తెలుగు మాటలు పదియైనను రావు. చెరకుతోట ప్రక్కనున్న యిల్లు. నడుమ పెద్ద దీపస్తంభము వెలిగించి, స్త్రీలును పురుషులును దానిచుట్టు తిరుగుచు పాడుచుండిరి. పాటలు తెలుగు, చేతిలోని పుస్తకములలో అక్షరములు ఇంగ్లీషువి. అర్థము తెలిసిన వారు కొందరే కావచ్చును గాని తాళము తప్పలేదు. ఆ వృద్ధురాలు అత్తగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మనుమనిచేత క్రియోలునుండి ఇంగ్లీషులోనికి, నాచేత ఇంగ్లీషునుండి తెలుగులోనికి మాటలు మార్పించుకొని మాటలాడెను. మీ పెద్దలది ఏయూరని అత్తగారు అడుగగా, ఆమెకు తెలియలేదు. కాని గోడవైపు చేయిచూపి, ఏ దుబాసియు నక్కరలేకుండ, "అప్పన్న" అనెను. అచ్చటి తెలుగువారు సింహాద్రి అప్పన్న పూజను నేటికిని చేయుదురు. ఆమె మరియొకమాట చెప్పలేదు.

అత్తగారు సంచిలోని పొట్లమును తీసి, విప్పి, చందనములో సగము ఆమె చేతిలో పెట్టిరి. ఎక్కడిదో నన్ను చెప్పుమనిరి. నేను చెప్పితిని, మనుమడు చెప్పెను. ఆమె చందనమును కనుల కద్దుకొని, అత్తగారి చేతిని విడువక భజనము ముగియువరకు పట్టుకొని యుండెను.

మిగిలిన దినములలో పాంప్లెమూసు తోటలోని పెద్ద తామరాకులను, షామరెల్‌లోని యేడురంగుల నేలను చూచితిమి, అందమైనవే. విడిదివారు ఒకనాడు ఉచిత ఫలహారమునకు పిలిచిరి. మరియొక వారమును కొనిపించుటకే యని యెరిగి, మేము గదిలోనే ఉప్మా చేసికొంటిమి.

తిరుగు విమానములో అత్తగారు, ఆ కాగితములకు ఇంక నెన్నియేండ్లు గడువున్నదని అడిగిరి. పందొమ్మిదియని నాభర్త చెప్పిరి. మొన్న ఈ యేటి రుసుము కట్టవలసిన లేఖ వచ్చినది. ఆమెయే కలము తెచ్చుకొని సంతకము చేసిరి. వచ్చు వేసవిలో అమ్మాయికి పెద్దపరీక్షలు గనుక ఈమారు వారమును జమలోనే యుంచితిమి.