కంప్యూటర్లకూ ఒక కట్టుబాటు

ఒకనాడు పాలమూరు నేలపై గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు నిజాము ప్రభువుల ఆధిపత్యాన్ని అంగీకరిస్తూనే, తమ లోపలి వ్యవహారాలను తామే చక్కబెట్టుకొనేవి. గద్వాల సంస్థానానికి సొంత నాణెం సైతం ఉండేది. పైవారి ఆజ్ఞ ఎంతవరకు, స్థానికుల స్వేచ్ఛ ఎంతవరకు అన్నదే ఆనాటి పాలనలోని చిక్కుముడి. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లా కేంద్రాలైనాయి. సంస్థానాలు గతించినా ఆ చిక్కుముడి మాత్రం గతించలేదు. నేడది కార్యాలయపు బల్లపై ఉన్న కంప్యూటరులో కనిపిస్తుంది.

వందల కంప్యూటర్లున్న సంస్థలో ఒక్కొక్క యంత్రం వద్దకు పోయి నిబంధనలు అమర్చడం అసాధ్యం. అందుకై మైక్రోసాఫ్ట్ సంస్థ 2000లో, విండోస్ 2000తో ‘గ్రూప్ పాలసీ’ అనే పద్ధతిని తెచ్చింది. ఒకే ఏలుబడి కిందికి వచ్చిన కంప్యూటర్ల సముదాయాన్ని ‘డొమైన్’ అంటారు. పాస్‌వర్డుకు ఎన్ని అక్షరాలుండాలి, ఎంతసేపు పని ఆగితే తెరకు తాళం పడాలి, పెన్‌డ్రైవును అనుమతించాలా వద్దా అన్న నియమాలను సర్వరులో ఒక్కసారి రాసి ఉంచుతారు. కంప్యూటరు మేల్కొన్నప్పుడు, ఆ తరువాత సుమారు 90 నిమిషాలకొకసారి, తానే అడిగి వాటిని తెచ్చుకొంటుంది. డొమైన్ నియమానికీ, ఒక శాఖకు ప్రత్యేకించిన నియమానికీ వైరుధ్యం వస్తే సాధారణంగా శాఖ నియమమే నెగ్గుతుంది. తప్పనిసరి అని ముద్ర వేసిన పై నియమం మాత్రం దేనికీ తలవంచదు.

ఇంత కట్టడి ఎందుకని సందేహం కలగవచ్చు. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపానికి సవరణను విడుదల చేసింది. దానిని అమర్చుకోని యంత్రాలపై అదే ఏడాది మే 12న ‘వాన్నాక్రై’ విరుచుకుపడి, దస్త్రాలను బంధించి ధనం కోరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. రైతు భూమి లెక్క, వృద్ధుని పింఛను వివరం దాగి ఉండేది ఇటువంటి యంత్రాలలోనే. సవరణలను వేళకు అమర్చే నియమం వారికి పెట్టని కోట.

అయితే కోటకు ద్వారం కూడా ఉండాలి. కొత్త సాఫ్ట్‌వేరును ఎవరూ చేర్చరాదన్న నియమం మంచిదే. కాని తెలుగు కీబోర్డును ముందుగా అమర్చకుండానే ఆ నియమం విధిస్తే, తెలుగు అర్జీకి తెలుగులో బదులు రాయవలసిన గుమాస్తా చేతులు ముడుచుకొని కూర్చోవలసిందే. దూరాన ఉండి నియమం రాసేవాడు ఆ గుమాస్తాను, అతని ముందు నిలిచిన అర్జీదారును తలచుకొని రాయాలి. రక్షణకూ స్వేచ్ఛకూ పొత్తు కుదిర్చేది యంత్రం కాదు, మనిషి వివేకమే.