కోత పండుగ నాటి పరీక్ష

2024లో మా ఇంట్లో జరిగిన ఒక సంగతిని రాసి పంపమని మా అయ్యగారు అడిగారు. సాక్ష్యం అనదగినంత గొప్ప విషయమేమీ కాదు. ఒక పరీక్ష రాశాము, అంతే. రాశాము అంటున్నాము గాని, హాల్లో కూర్చున్నది మాలో ఒక్కరే.

మాది కురబలకోట. మాలో ఆయన అంగళ్లులో ఒక టమోటా మండీలో లెక్కలు రాస్తారు. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరమూ బి.కాం. చదివినవాళ్లమే. ఒక బాబు. పెళ్లయిన ఇన్నేళ్లకు మళ్లీ చదువు మాట ఎందుకొచ్చిందంటే, దానికి కారణం టమోటానే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో ధర రెండు వందల దాకా పోయింది. సెప్టెంబరుకల్లా పది రూపాయలకు అటూ ఇటూ అయింది. అదే చేతితో, అదే చిట్టాలో ఆ రెండు ధరలూ రాసిన మనిషికి నిద్ర పట్టలేదు. పాలకు సంఘాలున్నాయి, టమోటాకు ఎందుకు లేవు అని ఒక రాత్రి భోజనాల దగ్గర మాట వచ్చింది. వర్గీస్ కురియన్ గారు 1979లో గుజరాతులోని ఆనంద్‌లో ఇర్మా అనే సంస్థను నెలకొల్పారు. గ్రామీణ ప్రాంతాల్లో యాజమాన్యం ఎలా చేయాలో అక్కడ నేర్పుతారు. అందులో చేరాలంటే క్యాట్ పరీక్ష మార్కులు చూపవచ్చునని తెలిసింది. రుసుము రెండు వేల ఐదు వందలు కట్టేశాము.

కట్టిన తర్వాత గాని లెక్క చూసుకోలేదు. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్కించుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మేము ఎన్నిసార్లు వినలేదు! అయినా మా పద్ధతి మాదే. ఖర్చంటే డబ్బు కాదు, గంటలు. మండీకి తెల్లవారుజామున పోవాలి. ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. రాత్రి పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలకే తల వాలిపోయేది. చివరికి మూడున్నరకు లేవడం అలవాటు చేసుకున్నాము. లేవడం ఆయన వంతు, లేపడం ఆమె వంతు. ఆ గంటన్నర ఎక్కడినుండో ఊడిపడలేదు. ఆమె శనివారాల్లో స్త్రీల సహవాసానికి పోవడం మానుకుంది. బాబు నాన్నతో ఆడుకునే సాయంత్రాలు పోయాయి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లను గూర్చి అందరూ వాళ్ల పట్టుదలను మెచ్చుకుంటారు. ఆ సమయం ఎవరి దగ్గరనుండి వచ్చిందో ఎవరూ అడగరు.

ఇంతకీ ఆ పరీక్ష ఏమిటంటే, రెండు గంటల్లో 68 ప్రశ్నలు. మూడు భాగాలు, ఒక్కొక్కదానికి సరిగ్గా నలభై నిమిషాలు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం ఒకటి, పట్టికలు చూసి తర్కంతో తేల్చడం ఒకటి, లెక్కలు ఒకటి. సరైన జవాబుకు మూడు మార్కులు. ఎంచుకునే జవాబులున్న ప్రశ్నకు తప్పు గుర్తిస్తే ఒక మార్కు కోత. లెక్కలకు భయపడలేదు. పెట్టెలు, తరుగు, శాతాలు రోజూ చేసేవే. ఇంగ్లీషు కోసం కుటుంబ ప్రార్థనలో తెలుగు బైబిలుతో పాటు ఇంగ్లీషు బైబిలు కూడా చదవడం మొదలుపెట్టాము. ఆత్మకు మేలు జరిగింది గాని, క్యాట్‌లో ఇచ్చే ఆర్థిక శాస్త్రపు వ్యాసాలకు అది పెద్దగా పనికిరాలేదని ఒప్పుకోవాలి.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఆమె గడియారం పెట్టి, ప్రశ్నలు ముందుంచి, పాత పరీక్షలు రాయించేది. ప్రతిసారీ ఆయన అన్నీ నింపేవారు, మార్కులు పోగొట్టుకునేవారు. “ఏమండీ, తెలియనిది వదిలేయండి” అంటే, “చిట్టాలో ఖాళీ గడి వదిలితే సాయంత్రానికి సేటు ఊరుకుంటాడా?” అనేవారు. పదేళ్లుగా ఖాళీ వదలని చెయ్యి అది. వదిలేయడం నేర్చుకోవడానికే మాకు రెండు నెలలు పట్టింది.

అప్పుడు తేదీ వచ్చింది. 2024 నవంబరు 24, ఆదివారం. ఉదయం ఎనిమిదిన్నరకు, తిరుపతిలో. ఆ ఆదివారమే మా సంఘంలో కోత పండుగ. విశ్వాసులు తెచ్చిన టమోటా పెట్టెలు, గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల మూటలు ఆరాధన తర్వాత వేలం వేస్తారు. ఆ లెక్క ప్రతి ఏడూ రాసేది ఆయనే. సంఘ పెద్ద ఒకరు సూటిగానే అన్నారు: “ఏం నాయనా, ప్రభువు దినాన పరీక్షా?” మేము మాట్లాడలేదు. ఎందుకంటే సీజనులో మండీ కోసం ఎన్ని ఆదివారాలు పోయాయో మాకు తెలుసు. అప్పుడు ఎవరూ అడగలేదు. మమ్మల్ని మేమూ అడుక్కోలేదు. ఆ రాత్రి పరీక్ష మానేద్దామా అని కూడా అనుకున్నాము. అయ్యగారి దగ్గరికి పోతే, పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ప్రార్థన చేసి, “మరి వేలం లెక్క ఎవరు రాస్తారమ్మా?” అన్నారు. ఆమె, “నేను రాస్తానయ్యగారూ” అంది. ఆ మాట అప్పటిదాకా మా ఇద్దరికీ తోచనేలేదు.

శనివారం సాయంత్రం ఆయన మదనపల్లెలో తిరుపతి బస్సు ఎక్కారు. రాత్రి బంధువుల ఇంట్లో ఉండి, పొద్దున్నే హాలుకు పోయారు.

ఫలితం సంగతి ఇక్కడే చెప్పేస్తాము. డిసెంబరు 19న వచ్చింది. 71 పర్సంటైలు. అంటే వందమందిలో డెబ్బై ఒక్కమంది వెనుక ఉన్నట్టు. వినడానికి బాగానే ఉంది గాని, ఇర్మా నుండి పిలుపు రాలేదు. ఇంగ్లీషులోనే తక్కువ పడింది. పుస్తకాలు ఎవరికీ ఇవ్వలేదు. రోజూ ప్రశ్నలు ముందుంచి ముందుంచి, వాటిలో సగం ఆమెకే ముందుగా తేలడం మొదలైంది. ఆ సంగతి మేము ఆలస్యంగా గమనించాము.

ఇక ఆ ఆదివారం. పొద్దుగూకే వేళకు ఆయన ఇంటికి చేరేసరికి బల్ల మీద వేలం పుస్తకం, పక్కన డబ్బు కుప్పలు. ఎలా రాశారని ఆమె అడగలేదు. “లెక్క కుదరడం లేదండీ. డబ్బు 340 రూపాయలు ఎక్కువ వస్తోంది” అంది. చొక్కా అయినా మార్చుకోకుండా ఆయన పక్కన కూర్చున్నారు. పేరు పేరునా రెండుసార్లు చదివాము. పెట్టెలు సరిపోయాయి, కోళ్లు సరిపోయాయి. “గుమ్మడికాయలు ఎన్ని వచ్చాయి?” అన్నారాయన. ఆరు. పుస్తకంలో ఐదే ఉన్నాయి. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. అందరూ లేచిపోతుండగా చివరి కాయను పాడి, డబ్బు తన చేత్తోనే పెట్టెలో వేసి, చంకన పెట్టుకుని పోయింది ఆ సంఘ పెద్దే. ఖాళీగా ఉన్న గడిలో ఆయన పేరు రాసి, కూడి చూశాము. సరిపోయింది.