లైటు ఆరింది సరే, గాలి సంగతేంది?



డిసెంబరు వచ్చిందంటే నాకు ఒకే ప్రశ్న నాలుగు దిక్కుల నుంచి వస్తుంది. దేవరకొండ నుంచి ఒకరు అడుగుతారు, జడ్చర్ల నుంచి ఇంకొకరు అడుగుతారు. మాటలు కూడా ఇంచుమించు అవే. "సార్, పొద్దుగాల బండి స్టార్ట్ చేస్తే మీటరు మీద టైరు గుర్తు పడ్తుంది. దిగి చూస్తే నాలుగు టైర్లు మంచిగనే ఉన్నయి. ఎండ పొడిచి జరసేపు బండి నడిచినంక దానంతటదే ఆరిపోతుంది. సెన్సారు ఖరాబైందంటరా?"

సెన్సారు ఖరాబు కాలేదు. టైరులో గాలి తక్కువుందని పొద్దున అది చెప్పింది నిజం. పది గంటలకు ఆరిపోయినంత మాత్రాన ఆ నిజం మారలేదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క సంగతి గురించే, కొంచెం ఓపికతో చదవండి.

మన నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతంలో చలికాలపు రోజు పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఒక తీరు. తెల్లవారుజామున 12, 13 డిగ్రీలకు దిగడం మామూలే. కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. మధ్యాహ్నం రెండింటికి చూస్తే మళ్లీ 29, 30. మనకు సముద్రం దూరం, ఆకాశంలో మబ్బు ఉండదు, నేలేమో రాళ్లూ చెల్కలూ. పగలు పట్టిన వేడిని రాత్రికి రాత్రే వదిలేస్తుంది. ఒక్క రోజులోనే 16, 17 డిగ్రీల తేడా. కోస్తాలో ఇంత ఉండదు.

టైరులో బంధించిన గాలి ఈ తేడాను తప్పకుండా చూపిస్తుంది. గాలి చల్లబడితే దాని ఒత్తిడి తగ్గుతుంది, వేడెక్కితే పెరుగుతుంది. కారు టైరులో 5, 6 డిగ్రీల చలికి సుమారు ఒక పాయింటు పడిపోతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. బంకు దగ్గర మనం పాయింట్లు అనేది పీఎస్‌ఐ లెక్కే. అంటే మధ్యాహ్నం 33 ఉన్న టైరు మరునాడు తెల్లవారేసరికి 30కి వస్తుంది. ఎక్కడా మేకు దిగలేదు, వాల్వు కారలేదు. చలి ఒక్కటే ఆ మూడు పాయింట్లూ తగ్గించింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మూడు పాయింట్లు తగ్గినంత మాత్రాన చాలా కార్లలో లైటు పడదు. కంపెనీ చెప్పిన ఒత్తిడి కంటే 20 నుంచి 25 శాతం తగ్గితేనే అది వెలుగుతుంది. అమెరికా నిబంధన 25 శాతం, ఐరోపాలో 20. కొన్ని బండ్లు ఇంకా ముందే చెప్తాయి, అది కంపెనీని బట్టి. 33 ఉండాల్సిన టైరుకు 20 శాతం లెక్కన చూసినా 26 దగ్గరికి దిగాలి. చలి మింగింది మూడే అయితే, మిగతా నాలుగు పాయింట్లు ఎటు పోయాయి?

లెక్క వేసి చూడండి. నవంబరు మొదట్లో హైదరాబాదు పోయి వస్తూ దారిలో బంకు దగ్గర ఆగి గాలి కొట్టించారు. మీటరు మీద 33 వచ్చింది. కానీ అప్పటికి టైరు గంటసేపు తారు మీద ఉరికి వేడిగా ఉంది. వేడి టైరు మూడు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. అంటే మీకు నిజంగా దక్కింది 30. ఆ తర్వాత నెలన్నర గడిచింది. ఎంత మంచి టైరైనా రబ్బరులోంచి నెలకు ఒక పాయింటు దాకా గాలి జారిపోతూనే ఉంటుంది. 29 కిందికి వచ్చింది. డిసెంబరు మూడో వారంలో ఒక పొద్దున చలి ముదిరింది, ఇంకో మూడు పోయాయి. 26. గుర్తు పడింది.

కాబట్టి ఆ గుర్తు పడిందంటే తప్పంతా చలిది కాదు. టైరులో గాలి ముందే తక్కువుంది, చలి దాన్ని బయటపెట్టింది అంతే. మధ్యాహ్నానికి ఎండ తగిలి, బండి నడిచి ఒత్తిడి హద్దు దాటుతుంది, లైటు ఆరుతుంది. మనం నిమ్మళంగా మరిచిపోతాం. అప్పటికీ ఆ టైరులో ఉండాల్సినంత గాలి లేదు. నన్ను కలవరపెట్టేది ఆ మరుపే.

ఎందుకంటే ఈ లైటును తప్పనిసరి చేసింది చలి కోసం కాదు. 2000 సంవత్సరం ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడిపోవడం, బండి పల్టీ కొట్టడం. అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం 271 మంది చనిపోయారు. టైర్ల తయారీలో లోపాలున్నాయని తేలింది. దానికి తోడు, తక్కువ గాలితో, ఎండలో, ఎక్కువ వేగంతో పోవడం. టెక్సాస్, అరిజోనా, ఫ్లోరిడా వంటి వేడి రాష్ట్రాల్లోనే ఈ ప్రమాదాలు ఎక్కువగా జరిగాయి. ఆ ఏడాదే అక్కడి కాంగ్రెస్ చట్టం తెచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి తయారయ్యే ప్రతి కొత్త కారులో ఈ హెచ్చరిక ఉండి తీరాలన్నారు.

అమెరికా సంగతి మనకెందుకు అనుకోకండి. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు 44, 45 డిగ్రీలు ఎన్నిసార్లు చూడలేదు? ఆ ఎండలో నార్కట్‌పల్లి దాటి నాలుగు వరుసల రోడ్డు మీద వంద మీద పోయే కారు సంగతి ఆలోచించండి. గాలి తక్కువున్న టైరు ప్రతి చుట్టుకూ పక్కలు వంగి లేస్తుంది. ఆ వంగుడులో వేడి పుడుతుంది. ఆ వేడికి పొరల మధ్య పట్టు సడలుతుంది. "ఎండాకాలం గాలి తక్కువ కొట్టించాలె, లేకుంటే పేలుతది" అనే మాట మన దగ్గర బాగా నాటుకుపోయింది. అది పూర్తిగా తప్పు, ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. టైరు నడుస్తూ వేడెక్కితే ఒత్తిడి ఎంత పెరుగుతుందో కంపెనీ ముందే లెక్క కట్టి ఆ 33 అని రాస్తుంది. మనం 28కి దించితే వేడి ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు. చలికాలంలో పట్టించుకోని నాలుగు పాయింట్ల లోటు శివరాత్రి దాటి ఎండల్లోకి అట్లాగే పోతే ఏమవుతుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఎట్లా కొట్టించాలి? డ్రైవరు తలుపు తీస్తే ఆ అంచు మీద ఒక స్టిక్కరు ఉంటుంది. కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. అదే మీ బండికి ప్రమాణం. టైరు పక్కన అచ్చువేసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, దాన్ని చూసి కొట్టించకండి. స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు చెప్పింది. అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండికి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడవని బండికి. కాబట్టి పొద్దుగాలనే ఇంటికి దగ్గరున్న బంకుకో పంచర్ షాపుకో పోండి. దూరం పోక తప్పకపోతే, వేడి టైరుకు మూడు పాయింట్లు ఎక్కువ కొట్టించి, మరునాడు పొద్దున మళ్లీ చూసుకోండి. వేడిగా ఉన్నప్పుడు 36 చూపిస్తుందని గాలి తీసేయడం మాత్రం వద్దు. లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న గాలి మిషన్లు ఇప్పుడు అంతటా దొరుకుతున్నాయి. ఇంటి ముందరే చల్లటి టైరుకు గాలి పట్టొచ్చు గనక నాకు అది మంచి ఖర్చనిపిస్తుంది. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలి, అది చమురు కంపెనీల నియమాల్లోనే ఉంది. మిషను పాడైందంటే అడగండి, మొహమాటపడకండి.

నైట్రోజన్ గురించి కూడా అడుగుతున్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. తేమ లేని నైట్రోజన్ కొంచెం నెమ్మదిగా జారుతుంది, అంతవరకు మంచిదే. కానీ చలికి అదీ అంతే తగ్గుతుంది.

ఇక సంక్రాంతి. ఏడాదిలో చలి ఎక్కువుండే రోజుల్లోనే హైదరాబాదు సగం ఖాళీ అయి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతుంది. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు ముందు తెల్లవారుజామునే వరస కడతారు. ఒక్కో కారులో ఐదుగురు, డిక్కీ నిండా సంచులు, కొన్నింటికి పైన కూడా మూటలు. ఇప్పుడు ఆ స్టిక్కరు మళ్లీ చూడండి. చాలా బండ్లలో దాని మీద రెండు వరసలుంటాయి: మామూలు బరువుకు ఒక అంకె, నిండు బరువుకు ఇంకో అంకె. నిండు బరువుకు వెనక టైర్లకు సాధారణంగా ఎక్కువ గాలి చెప్తారు. రెండో వరస ఇట్లాంటి పండుగ ప్రయాణాల కోసమే. చాలామంది దాన్ని ఎన్నడూ చదవరు.

ఈ దారిలో ఇంకో చిన్న సంగతి ఉంది. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. విజయవాడ దాదాపు సముద్ర మట్టానికే దగ్గర. కిందికి దిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంది, టైరు మీటరు చూపించేది లోపలికీ బయటికీ ఉన్న తేడానే కాబట్టి, అక్కడ చూసుకుంటే ముప్పావు పాయింటు దాకా తక్కువ కనిపిస్తుంది. ఇది పెద్ద లెక్క కాదు. కానీ హద్దు మీద ఉన్న టైరుకు అదీ చాలు. పండుగ పొద్దున గుంటూరులోనో ఏలూరులోనో గుర్తు పడితే, బండి హైదరాబాదులో బయలుదేరేనాడే గాలి తక్కువుందని అర్థం.

శ్రీశైలం పోయేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. డిండి దాటి మన్ననూరు చేరితే అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిదింటికి గేటు పడితే పొద్దున ఆరింటికే తీస్తారు. ఆలస్యంగా చేరినవాళ్లు గేటు ముందే కార్లు ఆపుకొని తెల్లవార్లూ ఉంటారు. నల్లమల చలిలో టైర్లు పూర్తిగా చల్లబడతాయి. గేటు తీయగానే అందరూ ఒక్కసారిగా కదులుతారు, అప్పుడే గుర్తు పడుతుంది. ముందు మలుపుల దారి, ఘాటు, పంచర్ షాపు కోసం చాలా దూరం పోవాలి, చాలాచోట్ల ఫోను కూడా అందదు. అందుకే గాలి పని అచ్చంపేటలోనో కల్వకుర్తిలోనో, అడవికి ముందే చూసుకోండి. స్టెప్నీలో గాలి కూడా చూపించండి. స్టెప్నీకి సెన్సారు పెట్టని బండ్లే ఎక్కువ, అందులో గాలి పోయినా ఏ లైటూ చెప్పదు. అసలు మీ బండిలో స్టెప్నీ ఉందో లేదో కూడా చూసుకోండి. టైరు హెచ్చరిక, పంచర్ కిట్టు ఉంటే చిన్న బండ్లకు స్టెప్నీ ఇవ్వకపోయినా పర్వాలేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది.

చలికి పడ్డ గుర్తేదో, పంచరుకు పడ్డ గుర్తేదో తెలుసుకోవడం కష్టం కాదు. చలి నాలుగు టైర్లనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తుంది. మూడింటిలో 28 ఉండి ఒకదానిలో 21 ఉంటే అది మేకు పనే. నడి మధ్యాహ్నం, నడుస్తున్న బండిలో హఠాత్తుగా గుర్తు పడినా అంతే, నెమ్మదిగా పక్కకు తీయండి. స్టార్ట్ చేయగానే గుర్తు ఒక నిమిషం మినుకుమినుకుమని ఆ తర్వాత ఆరకుండా నిలిస్తే మాత్రం గాలి కాదు, ఆ వ్యవస్థలోనే లోపం. వాల్వుకు లోపలివైపు సెన్సారున్న బండ్లలో దాని బ్యాటరీ ఐదు నుంచి పదేళ్ల దాకా వస్తుంది. ఏడెనిమిదేళ్ల బండి అయితే ముందు దాన్ని అనుమానించాలి.

ఇంకో రకం బండ్లున్నాయి. వాటిలో గాలిని కొలిచే సెన్సారే ఉండదు. గాలి తగ్గిన చక్రం కొంచెం చిన్నదై తక్కినవాటికంటే వేగంగా తిరుగుతుంది, ఏబీఎస్ లెక్కను బట్టి కంప్యూటరు దాన్ని పసిగడుతుంది.  చలికి నాలుగూ ఒక్కతీరుగా తగ్గితే ఇందులో చాలావాటికి తేడా దొరకదు, గుర్తు పడనే పడదు. అట్లాంటి బండి ఉన్నవాళ్లు లైటు రాలేదని ధీమాగా ఉండకండి. గాలి కొట్టించిన తర్వాత సెట్ బటన్ నొక్కడం మరవకండి. లేకుంటే అది పాత లెక్కనే పట్టుకొని ఉంటుంది.

మన రోడ్ల మీద ఏ లైటూ లేని పాత కార్లు ఇంకా ఎన్నో. వాటి యజమానులకు నేను చెప్పేది ఒక్కటే: ఒక చిన్న గేజి కొని డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి, నెలకోసారి పొద్దున్నే చూడండి. కంటితో చూసి, కాలితో తన్ని గాలి చెప్పడం ఇప్పటి టైర్లతో కాదు. 25 ఉన్నా 33 ఉన్నా చూడటానికి ఒకేలా కనిపిస్తాయి.

చెర్వుగట్టు జాతరకు, మన్యంకొండ జాతరకు పోయే బండ్లు చాలా ఉంటాయి కాబట్టి, వచ్చే ఉత్తరంలో బ్రేకుల గురించి రాస్తాను. ఈలోగా మీ బండి తలుపు అంచు మీది స్టిక్కరు చదివి, నిండు బరువుకు వెనక టైర్లకు ఎంత చెప్పారో ఒక కార్డు రాయండి. చెరిగిపోయి కనబడకపోతే బండి పేరు, ఏ సంవత్సరానిదో రాయండి, వెతికి పంపిస్తాను.

ఉంటాను.

మీ
నల్లగొండ మిత్రుడు