కానరాని కాపరులు

గాజుతొట్టెలో చేపలను పెంచుట సులభమని పలువురు తలంతురు. తొట్టెడు నీరు, నాలుగు చేపలు, చిటికెడు మేత ఉన్న చాలునని వారి భావము. కాని ఏటిలోని చేపకును తొట్టెలోని చేపకును గొప్ప భేదము కలదు. ఏటినీరు నిరంతరము సాగిపోవుచు, చేప విడిచిన మలినమును తనతో కొనిపోవును. తొట్టెలోని చేపకు ఆ భాగ్యము లేదు. తాను విడిచిన మలినముననే అది ఊపిరి పీల్చవలెను. ఏరు చేయు పనిని కొంతవరకు తొట్టెలో చేయుటకే ఫిల్టరు ఏర్పడినది.

చేప మొప్పలనుండి అమోనియా వెలువడుచుండును. తినగా మిగిలిన మేత క్రుళ్ళినను అదియే పుట్టును. అది చేపకు విషము. అయితే ప్రకృతియే దానికి విరుగుడు కల్పించినది. కొన్ని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటును విషమే. దానిని మఱికొన్ని సూక్ష్మజీవులు, అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చును. ఇట్టి జీవులు నేలయందును గలవు. రష్యాదేశీయుడైన వినోగ్రాద్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతమున వీనిని వేరుచేసి, వీని పనిని లోకమునకు తెలిపెను.

ఇండ్లలో స్పంజి ఫిల్టరు వాడుక మెండు. పంపు పంపిన గాలి బుడగలై గొట్టమున పైకి లేచును. దానితోపాటు గొట్టములోని నీరును లేచును. ఆ లోటు పూరించుటకు తొట్టెలోని నీరు స్పంజి రంధ్రములగుండ లోనికి వచ్చును. మడ్డి స్పంజికి అంటుకొనును. సూక్ష్మజీవులును ఆ స్పంజియందే కాపురముండును.

ఒక యింట ఎనిమిదవ తరగతి చదువు బాలుడు కొన్ని చేపలను పెంచుచుండెను. ఒకనాడు ఫిల్టరు బుడగలు సన్నగిల్లెను. స్పంజి నల్లబడియుండెను. బాలుడు దానిని కుళాయిక్రింద తెల్లబడువఱకు పిండి పిండి కడిగెను. తొట్టెలోని నీరంతయు మార్చెను. ఇంటివారందఱు మెచ్చుకొనిరి. కాని మూడవనాటికి నీరు పాలవలె తెల్లనయ్యెను. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెఱవసాగెను. మఱునాటి ఉదయమున ఒక చేప చచ్చి తేలెను.

“తాతయ్యా! ఇంత శుభ్రము చేసితిని గదా, ఇట్లేల జరిగినది?” అని బాలుడు కన్నీరు పెట్టుకొనెను.

“నాయనా! మడ్డితోపాటు దానిలో కాపురమున్నవానిని గూడ వెడలగొట్టితివి. మనకు రోగములు రాకుండ కుళాయినీటిలో క్లోరిను కలుపుదురు. అది ఆ జీవులకు మృత్యువు” అని తాత చెప్పెను.

నాటినుండి వారు రెండుదినములు మేత మానిరి. ప్రతిదినము తొట్టెలోని నాలుగవవంతు నీటిని తీసి, క్లోరిను పోవునట్లు తొట్టిలో నిలువయుంచిన నీటిని పోసిరి. పొరుగింటి తొట్టెలోని పాత స్పంజి ముక్క నొకటి తెచ్చి తమ ఫిల్టరు ప్రక్కన ఉంచిరి. తక్కిన చేపలు బ్రతికెను.

స్పంజిని కడుగుటకు ఒక పద్ధతి కలదు. తొట్టెనుండి తీసిన నీటినే బకెట్టులో పోసి, అందు రెండు మూడు మారులు మెల్లగా పిండిన చాలును. సబ్బు తగులరాదు. స్పంజులు రెండున్నచో ఒక్కమారే రెండింటిని కడుగరాదు.

బుడగలు తగ్గినపుడు స్పంజినే నిందింపరాదు. మొదట రబ్బరు గొట్టము మడతపడెనేమో చూడవలెను. పిదప గొట్టమును తొట్టెనుండి వేరుచేసి, పంపునుండి గాలి బలముగా వచ్చుచున్నదో లేదో పరీక్షింపవలెను. గాలి రానిచో పంపులోని రబ్బరు పొర చిరిగియుండవచ్చును. గాలి చక్కగా వచ్చుచున్నచో అడ్డు ఫిల్టరునందే కలదు. పంపును నీటిమట్టమునకు పైన ఉంచవలెను. లేనిచో కరెంటు పోయినపుడు నీరు గొట్టముగుండ వెనుకకు వచ్చి పంపును చెఱచును. కరెంటు చాలసేపు రానిచో, చెంబుతో తొట్టెనీటినే తీసి కొంత ఎత్తునుండి పోయుచుండవలెను. దానివలన చేపలకు కొంత ప్రాణవాయువు లభించును.

శుభ్రతను కోరువారు దేనిని కడిగివేయవలెనో, దేనిని నిలుపవలెనో గూడ ఎఱుగవలెను. కంటికి కానరాని ప్రాణులు చేయు మేలు అవి నశించినపుడే మనకు తెలియును. అంతకు ముందే తెలిసికొని వానిని కాపాడువాడే వివేకి.