ఎర్ర నూనె

మా ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంది. గ్యాస్ సిలిండర్ ఏ రోజు పెట్టాం, మంచినీళ్ల ఫిల్టర్ ఎప్పుడు మార్చాం, అత్తమ్మ బీపీ మాత్రలు ఎన్నాళ్లకు వస్తాయి, అన్నీ అందులో రాస్తాను. కారు ఇంజిన్ ఆయిల్ మార్చిన తేదీలు కూడా ఉంటాయి. ఒక్కటి మాత్రం పన్నెండేళ్లుగా రాయనే లేదని మొన్న చలికాలంలో తెలిసింది.

2011లో హంటర్ రోడ్డు మీద బైకు జారి మా వారి ఎడమకాలు విరిగింది. రాడ్ వేశారు. నడక వచ్చింది కానీ, క్లచ్ తొక్కే బలం రాలేదు. మరుసటి ఏడాది పాత కారు అమ్మేసి ఆటోమేటిక్ చిన్న కారు తీసుకున్నాం. క్లచ్ ఉండదు, ఉన్న రెండు పెడల్స్‌నీ కుడికాలితోనే తొక్కొచ్చు. ఆయన మళ్లీ తనంతట తాను హన్మకొండ చౌరస్తాకి వెళ్లి కూరగాయలు తెచ్చిన రోజు నాకింకా గుర్తుంది. నేనూ నలభై రెండేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ కారు మీదే.

అలాంటి కారు మొండికేసింది. పొద్దున్నే డ్రైవ్‌లో వేస్తే రెండు మూడు క్షణాలు కదలదు. తర్వాత ఎవరో వెనక నుంచి తోసినట్టు ఒక్క కుదుపు. రివర్స్‌లోనూ అంతే. మా వారు వారం రోజులు ఏమీ అనలేదు. ఒక రాత్రి అన్నం తింటూ, "అమ్మేద్దాంలే, ఇంక నేను నడపకపోతే ఏమైతది" అన్నారు. నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు కారుతో వచ్చిన పుస్తకం తీసి కూర్చున్నాను. ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్‌బాక్స్‌లోని ఆయిల్ వేరు అని అప్పుడే తెలిసింది. మా కారులాంటి పాతరకం ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య క్లచ్ పెడల్ చేసే పని ఆ ఆయిలే చేస్తుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, ఇదీ అంతే. గాలి బదులు ఆయిల్. గేర్లు మార్చడానికి కావలసిన ఒత్తిడి దానిదే, చల్లబరిచేదీ అదే. పన్నెండేళ్లు ఇంత చాకిరీ చేసిన దాన్ని మేం ఒక్కసారి కూడా మార్చలేదు.

మొదట చూపించిన మెకానిక్, "ముట్టుకోకండి మేడం, ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ మొత్తం పోతది" అన్నాడు. ఇంకొకతని దగ్గరికి వెళ్లాం. అతను ముందు కారు నడిపి చూశాడు. "ఇంజిన్ మోత పెరిగినా బండి ముందుకు పోతలేదంటే లోపల ప్లేట్లు అరిగినట్టు అక్కా. అప్పుడు కొత్త ఆయిల్ పోసినా లాభం ఉండదు. మీది జారుతలేదు, ఆలస్యం ఒక్కటే. మెల్లగ మారుద్దాం" అన్నాడు. మెషిన్ పెట్టి ఒక్కసారే కడిగేయడం ఇంత పాతదానికి మంచిది కాదన్నాడు.

కింద బోల్టు విప్పితే వచ్చింది చూడాలి! కొత్తది దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. కారితే ఇంజిన్ ఆయిల్ కాదని తెలియడానికి ఆ రంగు కలుపుతారట. మాది మాత్రం మాడిన వాసనతో, డికాషన్‌లా నల్లగా ఉంది. బోల్టుకున్న అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుంది. "ఇది మామూలే అక్కా, ఇనుప ముక్కలుంటేనే భయపడాలె" అన్నాడు. తీసినదాన్ని ఖాళీ సీసాల్లో పోసి కొలిచి, పుస్తకంలో రాసున్న రకమే తెచ్చి సరిగ్గా అంతే పోశాడు. ఎక్కువైతే లోపల నురగ కడుతుందట. తర్వాత ఇంజిన్ వేడెక్కాక, నడుస్తుండగానే, గేర్లన్నీ ఒకసారి మార్చి, పుల్లతో మట్టం చూశాడు.

ఒక్కసారికి సగమే బయటికి వస్తుంది. మిగతాది లోపలే ఉండిపోతుంది. అందుకే నెలకోసారి చొప్పున మూడుసార్లు మార్చాం. బియ్యం కడిగినట్టే. మొదటి నీళ్లు తెల్లగా, రెండోసారి కాస్త పలచగా, మూడోసారికి తేటగా. మొదటిసారి తర్వాత కుదుపు తగ్గింది. మూడోసారికి ఆలస్యం కూడా దాదాపు పోయింది. పూర్తిగా కొత్తకారు అయిపోయిందని అనను. చలి పొద్దుల్లో ఇప్పటికీ ఒక్క క్షణం ఆలోచిస్తుంది. మన మోకాళ్లు ఆలోచించవూ?

ఏ ఇబ్బందీ పెట్టకుండా పనిచేసేవాటినే మనం మరిచిపోతాం. మీ ఇంట్లోనూ పాత ఆటోమేటిక్ ఉంటే, కుదుపు వచ్చేదాకా ఆగకండి. ఆ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఇవాళే అడగండి.

పోయిన ఆదివారం మా వారు నన్నూ అత్తమ్మనూ భద్రకాళి గుడికి తీసుకెళ్లారు. తాళంచెవి నేను తీసుకోబోతే, "నేను నడుపుతా" అన్నారు. ఇంటికొచ్చాక నోటు పుస్తకం తీసి, గ్యాస్ సిలిండర్ కింద ఒక కొత్త గీత గీశాను. గేర్‌బాక్స్ ఆయిల్ అని రాసి, పక్కన తేదీ వేశాను.